టికెట్ చవకైతే స్టేడియం నిండుతుందా?

మంగళగిరిలో ఫుట్‌బాల్ ఇష్టపడే కుర్రాళ్ళు ఎవరిని కదిపినా ఇదే అడుగుతారు. శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు ప్రీమియర్ లీగ్ మొదలైతే ఫోన్లకు అతుక్కుపోతాం, ఛాంపియన్స్ లీగ్ కోసం అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నరకు అలారం పెట్టుకుని లేస్తాం, ఇంత ఇష్టం ఉన్నా మన దగ్గర ఫుట్‌బాల్ గ్యాలరీలు ఎందుకు ఖాళీగా ఉంటాయి? అక్కడివాళ్ళు వేలు పోసి టికెట్ కొంటుంటే ఇక్కడ వందలకిచ్చినా జనం ఎందుకు రారు?

డబ్బున్న దేశం, డబ్బులేని దేశం అని ఒక్క మాటలో తేల్చేయవచ్చు. కానీ అది జవాబు కాదు. మన దగ్గర డబ్బు పెట్టేవాళ్ళకు కొదవ లేదు. 2025 డిసెంబరు 13న మెస్సీ హైదరాబాద్ వచ్చాడు. ఉప్పల్ క్రికెట్ స్టేడియంలో కాసేపు బంతి తన్ని, చెయ్యి ఊపి వెళ్ళాడు. ఆ కాసేపటి కోసం జనం వేలల్లో టికెట్లు కొన్నారు. అదే రోజు పొద్దున కోల్‌కతాలో మెస్సీ సరిగ్గా కనపడలేదని కుర్చీలు విరగ్గొట్టేదాకా వెళ్ళింది వ్యవహారం. సరిగ్గా ఆ ఏడాదే హైదరాబాద్‌కు ఉన్న ఒక్క ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) జట్టు ఊరు వదిలి ఢిల్లీ వెళ్ళిపోయింది. దాని గురించి రోడ్డెక్కినవాళ్ళు లేరు. అంటే మన జనానికి ఫుట్‌బాల్ తారల మీద అభిమానం ఉంది, కొనే స్తోమతా ఉంది. లేనిది వేరే.

ముందు ఇంగ్లండ్‌లో టికెట్ ధర ఎలా పెరిగిందో చూద్దాం. ఒకప్పుడు అక్కడ ఫుట్‌బాల్ కార్మికుల ఆట. గ్యాలరీల్లో చాలాచోట్ల కుర్చీలుండేవి కావు, తక్కువ డబ్బుకు వెళ్ళి నిలబడి చూసేవాళ్ళు. 1989లో షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో తొక్కిసలాట జరిగి, మొత్తం 97 మంది చనిపోయారు. విచారణ జరిపిన జడ్జి టేలర్ 1990లో నివేదిక ఇచ్చారు, పెద్ద స్టేడియాల్లో అందరికీ కుర్చీలు ఉండాలన్నారు. కుర్చీలు వేస్తే పట్టే జనం తగ్గుతారు, ఖర్చు పెరుగుతుంది. 1992లో ప్రీమియర్ లీగ్ పుట్టింది, టీవీ డబ్బు వచ్చిపడింది, ఆటగాళ్ళ జీతాలు చుక్కలనంటాయి. సీట్లు పరిమితం, కావాలనేవాళ్ళు లెక్కలేనంత మంది. ఏటా సీజన్ టికెట్ తీసుకునే పాత అభిమాని తిన్నగా వచ్చి, ఆట చూసి ఇంటికెళ్తాడు. ఎక్కడో దూరదేశం నుంచి జీవితంలో ఒక్కసారి వచ్చినవాడు టికెట్‌కు ఎంతైనా పెడతాడు, వెళ్తూ వెళ్తూ జెర్సీ కూడా కొంటాడు. క్లబ్బు కన్ను ఎవరి మీద ఉంటుందో వేరే చెప్పాలా?

అభిమానులు ఊరుకోలేదు. 2016 ఫిబ్రవరిలో లివర్‌పూల్ యాజమాన్యం కొన్ని సీట్ల ధర 77 పౌండ్లు చేస్తామంది. అప్పటి లెక్కలో ఏడున్నర వేల రూపాయలు. సండర్లాండ్‌తో మ్యాచ్ జరుగుతుండగా 77వ నిమిషంలో వేలమంది ఒక్కసారిగా లేచి బయటకు నడిచారు. అప్పటికి 2–0తో ముందున్న లివర్‌పూల్ ఆ మ్యాచ్‌ను 2–2తో ముగించింది. కొద్దిరోజుల్లోనే యాజమాన్యం క్షమాపణ చెప్పి ఆ ధర వెనక్కి తీసుకుంది. అదే ఏడాది నుంచి, ఎదుటి ఊరికి వెళ్ళి మ్యాచ్ చూసే అభిమానికి ప్రీమియర్ లీగ్‌లో టికెట్ 30 పౌండ్లు దాటకూడదని క్లబ్బులన్నీ ఒప్పుకున్నాయి.

జర్మనీలో క్లబ్బు ఓట్లలో సగానికి పైగా సభ్యుల చేతిలోనే ఉండాలి. కొన్ని మినహాయింపులు తప్ప అక్కడ అదే నియమం. డార్ట్‌మండ్ స్టేడియంలో 81 వేలకు పైగా పడతారు. ఒక గోల్‌పోస్టు వెనక దాదాపు 25 వేలమంది నిలబడి చూస్తారు, ఆ టికెట్ 20 యూరోల చుట్టుపక్కలే. క్లబ్బు కావాలనుకుంటే దాన్ని రెట్టింపు చేసి అమ్ముకోగలదు. చెయ్యదు, ఎందుకంటే ఆ 25 వేలమంది చేసే హోరు లేకపోతే టీవీలో చూసేవాడికీ, ప్రకటన ఇచ్చేవాడికీ ఆ మ్యాచ్ మీద మోజు పోతుంది. సగటు హాజరులో జర్మనీ లీగ్ ఏళ్ళ తరబడి ప్రపంచంలోనే ముందు వరసలో ఉంది.

మరో సంగతి మన కుర్రాళ్ళకు ఆశ్చర్యం కలిగిస్తుంది. బ్రిటన్‌లో శనివారం మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యే మ్యాచ్‌లను టీవీలో ప్రత్యక్షంగా చూపించరు. 1960ల నుంచి అదే కట్టుబాటు. పెద్ద క్లబ్బు ఆట ఇంట్లోనే కనిపిస్తే చిన్న ఊళ్ళ జట్ల మ్యాచ్‌లకు ఎవరూ వెళ్ళరని వాళ్ళ భయం. చలికాలంలో అక్కడి మూడు గంటలంటే మనకు రాత్రి ఎనిమిదిన్నర. మాంచెస్టర్‌లో ఇంట్లో కూర్చున్నవాడికి చూసే వీల్లేని మ్యాచ్‌ను మంగళగిరి కుర్రాడు ఫోన్లో చూస్తున్నాడన్నమాట. వాళ్ళు తమ చిన్న జట్లను కాపాడుకోవడానికి కట్టిన గోడ మన దగ్గర లేదు. మనవాడి సాయంత్రాన్ని పట్టుకుపోతున్నది ప్రపంచంలోకెల్లా ఖరీదైన లీగ్. గుంటూరు జట్టూ విజయవాడ జట్టూ దానితో పోటీపడాలి.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. తెలుగునేల మీద ఫుట్‌బాల్‌కు జనం లేని కాలమే లేదనుకుంటే పొరపాటు. మంగళగిరిలో పోలీసుల ఆరో బెటాలియన్ ఉంది, రాష్ట్ర పోలీసు ప్రధాన కార్యాలయం కూడా ఇప్పుడు అక్కడే. ఒకప్పుడు భారత ఫుట్‌బాల్‌ను ఏలింది ఒక పోలీసు జట్టే. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ తెచ్చింది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. దాన్ని తీర్చిదిద్దినవాడు సయ్యద్ అబ్దుల్ రహీమ్, వృత్తిరీత్యా బడిపంతులు. బంతిని కాళ్ళ దగ్గర అట్టేపెట్టుకోకుండా వెంటనే అందించాలని పిల్లలకు ప్రత్యేకంగా పోటీలు పెట్టేవాడు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి చేరింది, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ వరసగా రెండుసార్లు గెలిస్తే, 1965–66లో ఆంధ్రప్రదేశ్ గెలిచింది.

మరి అంతటి వైభవం ఎలా పోయింది? క్రికెట్ మింగేసిందని అందరూ అంటారు. అందులో నిజముంది. అసలు లోపం అంతకుముందే ఉందని నా అభిప్రాయం. ఆ జట్టు పోలీసు శాఖది, ఊరిది కాదు. శాఖ ఆటగాళ్ళకు ఉద్యోగాలిచ్చినన్నాళ్ళూ వెలిగింది, నియామకాలు తగ్గాక వాడిపోయింది. కోల్‌కతాలో 1889లో పుట్టిన మోహన్ బగాన్, 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్ సభ్యుల క్లబ్బులు. తాత సభ్యత్వం మనవడిదాకా వస్తుంది. ఓడినా గెలిచినా ఆ ఇల్లు ఆ జట్టుదే. 1997లో ఆ రెండూ తలపడితే సాల్ట్‌లేక్ స్టేడియానికి 1,31,000 మందికి పైగా వచ్చారు. సికింద్రాబాద్‌లో పుట్టిన తులసీదాస్ బలరామ్ కూడా ఈస్ట్ బెంగాల్‌కు ఆడి అక్కడే స్థిరపడ్డాడు, 2023లో కోల్‌కతాలోనే కన్నుమూశాడు.

2019లో వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ కథ ఇంకా బాధగా ఉంటుంది. గచ్చిబౌలిలో ఆడిన తొలి సీజన్‌లో అట్టడుగున నిలిచింది. జనం అలవాటు పడేలోగా కోవిడ్ వచ్చింది. రెండు సీజన్లు మొత్తం గోవాలోనే జరిగాయి. ఆ రెండోదాంట్లోనే, 2022 మార్చి 20న, కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి మనవాళ్ళు ఛాంపియన్లయ్యారు. ఫైనల్ గోవాలోని ఫటోర్డాలో. కప్పు గెలిచిన ఆ సీజన్‌లో జట్టు ఒక్క మ్యాచ్ కూడా సొంత ఊళ్ళో ఆడలేదు. తండ్రి కొడుకును భుజం మీద ఎక్కించుకుని, మనోళ్ళు గెలిచారని చూపించే అవకాశమే ఆ ఊరికి దక్కలేదు. తిరిగొచ్చాక ఒక సీజన్ రెండో స్థానంలో నిలిచింది. 2023–24కల్లా డబ్బు కటకట మొదలైంది, పేరున్న ఆటగాళ్ళు మధ్యలోనే వెళ్ళిపోయారు, 22 మ్యాచ్‌ల్లో గెలిచింది ఒక్కటే. 2025లో ఢిల్లీకి తరలి పేరు కూడా మార్చుకుంది.

ఈ ఆరేళ్ళలో చవక టికెట్ వందల్లోనే దొరికేది. అడ్డం టికెట్ కాదు. రాత్రి ఏడున్నరకు మ్యాచ్, అయ్యేసరికి తొమ్మిదిన్నర. గచ్చిబౌలి స్టేడియం పక్కన మెట్రో స్టేషన్ లేదు, రాయదుర్గం దాకా వెళ్ళాలి. పిల్లలతో, ఆడవాళ్ళతో వచ్చేవాళ్ళు ముందు ఆలోచించేది తిరుగు ప్రయాణం గురించీ, బాత్రూముల గురించీ. ఆ లెక్కలన్నీ వేసుకుని కూడా కొత్త సినిమాకు మొదటి ఆటకే వెళ్తాం. ధర పెంచినా వెళ్తాం, తగ్గించినా వెళ్తాం, హీరో మనవాడు కాబట్టి. 2021లో జీవో 35తో ఆంధ్రలో పల్లె థియేటర్లలో నేల టికెట్ ఐదు రూపాయలకు దిగినప్పుడు కూడా జనం సినిమాను బట్టే వెళ్ళారు తప్ప చవకని ప్రతి సినిమాకూ వెళ్ళలేదు. చవక టికెట్ ఉన్న అభిమానిని నిలబెడుతుంది. లేని అభిమానిని పుట్టించలేదు.

అభిమాని పుట్టేది ఎలా? మలప్పురం చూడండి. కేరళలో ఆ జిల్లా పల్లెల్లో ఏడుగురు ఆడే సెవెన్స్ టోర్నమెంట్లు ఏటా నెలల తరబడి జరుగుతాయి. రాత్రి దీపాల కింద ఆట, తాత్కాలికంగా కట్టిన గ్యాలరీలు, ఆఫ్రికా నుంచి వచ్చిన ఆటగాళ్ళు. ఊరి క్లబ్బే నిర్వహిస్తుంది. 2022లో ఒకచోట గ్యాలరీ కూలి చాలామంది గాయపడ్డారు కూడా, ఆ పాఠం మరచిపోకూడదు. అయినా ఆ ఊళ్ళలో పిల్లవాడు మొదట చూసే ఫుట్‌బాల్ టీవీలోది కాదు, తన ఊరిది. కొచ్చిలో కేరళ బ్లాస్టర్స్ ఆడితే పసుపు చొక్కాలతో నిండే స్టేడియానికి వేరు అక్కడుంది.

కృష్ణా డెల్టాలో అలా కుదురుతుందా? వరి కోసిన చేలో ఆడుకుందామంటే కుదరదు. కోతకు ముందే మినుము చల్లేస్తాం, చేను ఖాళీగా ఉండదు. ఇక్కడ ఆట బడి మైదానంలో, కాలేజీ మైదానంలో బతకాలి. జనం మాత్రం ఉన్నారు. సంక్రాంతికి ఎడ్ల బండలాగుడు పోటీలు పెడితే ఎండలో నిలబడి చూస్తారు, తమ ఊరి జత ఎంత దూరం లాగిందో ఏడాదంతా చెప్పుకుంటారు. 2002 నవంబరులో భారత్, వెస్టిండీస్ వన్డే జరిగినప్పుడు విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో జనాన్ని చూసినవాళ్ళు ఇంకా ఆ రోజు గురించి చెబుతారు. మంగళగిరి పక్కన నవులూరులో పెద్ద క్రికెట్ స్టేడియం లేచింది, అమరావతి నవనగరాల్లో స్పోర్ట్స్ సిటీ కూడా ఒకటి. ఇవన్నీ మంచివే. కానీ ముప్పై వేల కుర్చీల కంటే ముందు కావలసింది, ప్రతి ఆదివారం ఒకే మైదానంలో, ఒకే వేళకు జరిగే లీగ్. మంగళగిరి, తెనాలి, గుంటూరు, విజయవాడ, గుడివాడ పేర్లతో జట్లు ఉండాలి. శాఖ పేరో కంపెనీ పేరో కాకుండా ఊరి పేరే చొక్కా మీద ఉండాలి. మార్చి దాటాక ఎండలో ఎవరూ కూర్చోలేరు కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సాయంత్రాలు ఆడించాలి. పిల్లలకూ ఆడపిల్లలకూ టికెట్ వద్దు, పెద్దలకు ఇరవై రూపాయలు చాలు. ఆ ఇరవై మాత్రం తీసుకోవాలి. డబ్బిచ్చి వచ్చినవాడు ఆటను తనదిగా చూస్తాడు, బాగా లేకపోతే నిలదీస్తాడు.

అంతదాకా ఆగనక్కర్లేదు. నంబూరు దగ్గర నాగార్జున యూనివర్సిటీలో గానీ, గుంటూరు బి.ఆర్. స్టేడియంలో గానీ కాలేజీల ఫుట్‌బాల్ పోటీలు జరుగుతున్నాయని తెలిస్తే ఒక సాయంత్రం వెళ్ళండి. మీ ఇంట్లో అర్ధరాత్రి అలారం పెట్టుకునే కుర్రాణ్ణి కూడా తీసుకెళ్ళండి. చూశాక నిర్వాహకుల దగ్గరికెళ్ళి తర్వాతి మ్యాచ్ ఎప్పుడో అడగండి. మళ్ళీ ఆ రోజు తప్పకుండా రండి.