పాతకారు కొనువారికి నాలుగు ప్రమాణములు



నేను ముప్పదిరెండు సంవత్సరములు బడిపిల్లలకు తెలుగును సంస్కృతమును బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. అట్టివాడు మోటారుకార్లను గూర్చి ప్రసంగింప బూనుట మీకు వింతగా దోపవచ్చును. అయినను దెబ్బతిన్నవాని మాటకు కొంత విలువ యుండును గదా! నేను తిన్న దెబ్బను, దానివలన నేర్చిన పాఠమును మీకు విన్నవించుటయే నేటి నా పని.

2024వ సంవత్సరము సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగరు మున్నగు పేటలను ముంచెత్తెను. వీధులలో నిలిపియుంచిన కార్లు దినముల తరబడి నీటిలో నుండెను. అటుపిమ్మట కొన్ని నెలలకు నేనొక పాతకారు కొంటిని. అమ్మినవాడు నా పూర్వశిష్యుడు. బండి తెల్లగా మెరయుచుండెను. లోపల అత్తరువాసన గుమ్మని కొట్టుచుండెను. “మాస్టరుగారూ! మీతో నేను అబద్ధమాడుదునా?” అని యతడనెను. ఆ మాటతో నా పరీక్ష ముగిసెను. పండ్లు పట్టి చూడక యెద్దును కొనని తాతగారికి మనుమడనైయుండియు, నేను కారు మూతనైన నెత్తి చూడనైతిని.

మూడునెలలు గడచెను. ఒకరాత్రి మా మనుమరాలికి జ్వరము తీవ్రము కాగా ఆసుపత్రికి బయలుదేరితిమి. ఊరి వెలుపల బండి యాగెను. దీపము లారిపోయెను. పిల్లను భుజముపై వేసికొని మా అమ్మాయి ఆ చీకటిలో నడచిన దారిని నేను మరువజాలను. దైవకృపచే పిల్లకు నయమయ్యెను. మరునాడు మెకానిక్కు కాళ్లక్రింది తివాచీ నెత్తగా మెత్తని ఒండ్రుమట్టి కనబడెను. కరెంటుతీగల కలయికలన్నియు పచ్చని చిలుముపట్టి యుండెను. అది వరదలో మునిగిన బండి.

కోపముతో శిష్యునింటి కేగితిని. అతడు నిర్ఘాంతపోయెను. తానును ఒక మిత్రుని మాట నమ్మియే కొనెనట. “మీరు నన్నడుగనట్లే నేను నతని నడుగలేదు, మాస్టరుగారూ!” అని తలవంచుకొనెను. కాగితములు చూడగా బండి యింకను మొదటి యజమాని పేరనే యుండెను. నింపని ఫారములపై ఆయన సంతకము మాత్రము చేతులు మారుచు వచ్చినది. నేనును వానిని కార్యాలయమునకు పంపక పెట్టెలో భద్రపరచితిని!

ఆనాడు మా గురువుగారు జ్ఞప్తికి వచ్చిరి. నైయాయికుల మతమున ప్రమాణములు నాలుగు: ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము. వీనిని నేను పరీక్షలో వ్రాసితిని గాని బేరమున నుపయోగింపనైతిని. ఇపుడు వానినే కారునకు అన్వయించి చెప్పెదను.

మొదటిది ప్రత్యక్షము. బండిని పగటివెలుగున, పొడిగా నున్నపుడు చూడవలెను. తడిసిన రంగు లోపములను కప్పును. సీటుబెల్టును చివరిదాక లాగి చూడుడు. అమ్మువాడు తివాచీని కడుగును గాని, బెల్టు చుట్టలోని మరకను కడుగుట మరచును. సీట్ల క్రింది పట్టాలయందలి తుప్పును, అదనపు చక్రముంచు గుంటను పరికింపుడు. ఇంజను చల్లగా నున్నపుడు నూనె చూడుడు. అది పాలు కలసినట్లు తెల్లబారి యున్నచో నీరు చేరినదని సంశయింపవలెను.

రెండవది ఉపమానము, అనగా సాదృశ్యమును బట్టి తెలిసికొనుట. ఎడమతలుపు సందును కుడితలుపు సందుతో పోల్చుడు. అవి సమముగా లేకున్నచో ఏదో యొకవైపు దెబ్బ తగిలియుండును. గుడ్డలో చుట్టిన అయస్కాంతమును ఇనుపరేకుపై జరుపుడు. పట్టీ దట్టముగా పూసినచోట పట్టు సడలును. టైరుపై తయారీ తేదీ నాలుగంకెలలో నుండును: 2319 యన్నచో 2019వ సంవత్సరము 23వ వారమని యర్థము. ఛాసిస్‌పై కొట్టిన 17 అక్షరముల సంఖ్యను ఆర్.సి. పత్రముతో ఒక్కొక్క యక్షరముగా సరిచూడుడు. అచట ఆకురాయి గీతలున్నచో బేరము విడిచి వచ్చుటయే మేలు.

మూడవది అనుమానము. పొగను చూచి నిప్పు నూహించునట్లు, మిక్కిలి తక్కువ వెలను చూచి కారణము నూహింపవలెను. తాళము త్రిప్పగానే ఎయిర్‌బ్యాగు గుర్తుగల దీపము వెలిగి, కొన్ని క్షణములలో ఆరవలెను. ఆరకున్నచో దోషమున్నది, అసలే వెలుగకున్నచో దోషమును దాచిరేమో యని తలపవలెను.

తుక్కుకార్ల విషయమున అనుమానము మరింత యవసరము. మరమ్మతు ఖర్చు భీమా విలువలో 75 శాతమునకు మించినచో ఆ బండి పూర్తిగా నష్టమైనట్లు భీమావారు లెక్కింతురు. ఆ శిథిలమును కొందరు భాగములకై కొందురు; అది న్యాయమే. మరికొందరు దాని కాగితములకై కొని, చచ్చిన కారు సంఖ్యను దొంగిలించిన కారునకు తగిలింతురు. కావుననే పూర్తిగా చెడిన బండిని గూర్చి యజమాని 14 దినములలో తెలియజేసి రిజిస్ట్రేషను రద్దు చేయించుకొనవలెనని 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది.

నాలుగవది శబ్దము, అనగా ఆప్తవాక్యము. నేను పొరబడిన దిచటనే. ఉన్నదానిని ఎరిగి ఉన్నట్లు చెప్పువాడే ఆప్తుడు. నా శిష్యుడు సత్యవంతుడే, కాని యెరుగనివాడు. మంచివాడగుట వేరు, తెలిసినవాడగుట వేరు. ఈ విషయమున ఆప్తవాక్యము ప్రభుత్వపు పుస్తకము. సెల్‌ఫోనులోని ఎమ్‌పరివాహన్ ద్వారా బండి వివరములను, భీమా గడువును సరిచూడవచ్చును. అప్పు తీరినదని బ్యాంకు ఇచ్చు పత్రమును, 35వ ఫారమును అడుగుడు. 29, 30 ఫారములను నింపి పంపుడు. బండి యారాష్ట్రములోనిదే యైనచో అమ్మినవాడు 14 దినములలోను, కొన్నవాడు 30 దినములలోను తెలుపవలెను. అమ్మువారును వినుడు: పుస్తకమున నెవరి పేరున్నదో వారే యజమానియని, ప్రమాదము జరిగినచో పరిహారభారము వారిదేయని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పెను.

ఇక విడిభాగముల సంగతి. పాత తలుపు, అద్దము, దీపము, సీటు కొనుటలో దోషము లేదు. బ్రేకుగొట్టము, సీటుబెల్టు, ఎయిర్‌బ్యాగు, టైరు మాత్రము పాతవి కొనకుడు. ప్రాణము నిలుపవలసిన వస్తువున వెల తగ్గింప రాదు. ఇంజనును నడుపు కంప్యూటరు పెట్టె తన పాత తాళముతో జతపడి యుండుటచే మీ కారున పనిచేయకపోవచ్చును. ఏ బండినుండి తీసిరో అడిగి, ఆ బండి సంఖ్యతో, అమ్మినవాని పేరు, చిరునామాలతో రసీదు గైకొనుడు. దొంగసొత్తని నమ్మదగిన కారణముండియు కొన్నవాడు భారతీయ న్యాయసంహిత 317వ సెక్షను ననుసరించి శిక్షార్హుడు.

తుదకు శిష్యుడును నేనును మొదటి యజమానిని వెదకి పట్టుకొని, ఆ బండిని ప్రభుత్వానుమతి గల తుక్కుకేంద్రమున కప్పగించి, రిజిస్ట్రేషను రద్దు చేయించితిమి. నష్టమును చెరిసగము పంచుకొంటిమి. మా స్నేహము చెడలేదు.

పరీక్షించినచో ఎదుటివాడు నొచ్చుకొనునేమో యని మనము వెనుదీయుదుము. నేను ముప్పదిరెండేండ్లు పిల్లలకు పరీక్షలు పెట్టితిని. వారిపై నమ్మకము లేక కాదు, వారికి వచ్చినదేమో వారికిని నాకును తెలియవలెననియే. ఆ శిష్యునకు బడిలో ఎన్నియో పరీక్షలు పెట్టిన నేను పెట్టవలసిన ఆ యొక్క పరీక్షను మరచితిని. మీరు మరువకుడు.