మూగజీవుల పడక - ఋతుభేదాలు

మానవుడు తన పడకను కాలానుగుణంగా మార్చుకుంటాడు. వేసవిలో ఆరుబయట మంచం వాల్చుకుంటాడు. చలికాలంలో కంబళి కప్పుకుంటాడు. ఇంటిని కాచే కుక్కకు, పాలిచ్చే ఆవుకు ఆ స్వేచ్ఛ లేదు. కట్టిన చోటనే అవి పడుకోవాలి. కావున వాటి పడకను గూర్చిన బాధ్యత యజమానిదే. ఇందులో ప్రధాన సూత్రం ఒక్కటే: పడక మెత్తగా ఉండటం కంటె పొడిగా ఉండటం ముఖ్యం.

ఆవు రోజులో దాదాపు సగం కాలం పడుకొనే గడుపుతుంది. నెమరు వేయటం కూడా అధికంగా అప్పుడే. పడక అసౌకర్యంగా ఉంటే విశ్రాంతి తగ్గుతుంది; దానితోపాటు పాలూ తగ్గుతాయి. పాడిపై ఆధారపడిన కుటుంబాలు అనేకం గల మన చిత్తూరు సీమలో ఇది భూతదయకు మాత్రమే కాక జీవనోపాధికి కూడా సంబంధించిన విషయం. అల్పాహారంతో జీవించగల పుంగనూరు పొట్టి జాతి ఆవుకైనా పొడి నేల తప్పనిసరి.

మన ప్రాంతమంతటా శీతోష్ణస్థితి ఒకే తీరుగా ఉండదు. తిరుపతిలో మే నెల ఎండ 40 డిగ్రీల సెంటీగ్రేడును దాటుతుంది. పశ్చిమాన పీఠభూమిపై గల మదనపల్లె, పలమనేరు ప్రాంతాలు అంతకంటె చల్లనివి. కనుక ఒకే పడక అన్ని చోట్లకూ, అన్ని కాలాలకూ సరిపడదు.

వేసవిలో కుక్క అవస్థ గమనించదగినది. దానికి చెమట పాదాలలో తప్ప మరెక్కడా చెప్పుకోదగినంతగా పట్టదు. నాలుక చాచి రొప్పుతూ, చల్లని నేలకు పొట్టను ఆనించి అది వేడిని పోగొట్టుకుంటుంది. కావున ఆ కాలంలో దళసరి బొంతలను తీసివేసి, నీడపట్టున గచ్చుపై పలుచని గోనెసంచి పరిస్తే చాలు. రేకుల కప్పు క్రింద కట్టివేయటం ప్రాణాపాయం.

అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల కాలం. 2021 నవంబరులో తిరుపతి వీధులు జలమయమైన సంగతి పాఠకులకు విదితమే. పశువుల కొట్టానికి ఇది పరీక్షా సమయం. పాలు పితికిన తరువాత కొంతసేపు చనురంధ్రాలు తెరుచుకొనే ఉంటాయి. అప్పుడు ఆవు బురదలో పడుకుంటే సూక్ష్మక్రిములు లోనికి ప్రవేశించి పొదుగువాపు కలుగుతుంది. పితికిన వెంటనే మేత వేస్తే ఆవు అరగంటయినా నిలబడి ఉంటుంది. నేల కాలువ వైపు వాలుగా ఉండాలి. మన ప్రాంతంలో లభించే వేరుశనగ పొట్టు తేమను చక్కగా పీల్చుకుంటుంది. అయితే బూజు పట్టిన పొట్టును వాడరాదు; అందులోని శిలీంధ్రం కోడిపిల్లల ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. మేకపిల్లలకు నేలకు ఎత్తుగా చెక్కలతో వేదిక అమర్చటం శ్రేయస్కరం.

చలికాలంలో జంతువు శరీరంలోని వేడి చల్లని నేలలోనికి పోతుంది. ఎండుగడ్డి పరిస్తే దాని పోచల నడుమ గాలి నిలుస్తుంది. గాలి అధమ ఉష్ణవాహకం గనుక వేడి బయటికి పోదు. తడిసిన గడ్డికి ఈ గుణం ఉండదు. అప్పుడే పుట్టిన కుక్కపిల్లలకు శరీరోష్ణాన్ని కాపాడుకునే శక్తి చాలదు. వాటికి ఈదురుగాలి సోకని మూల, పొడి గుడ్డలు అవసరం.

అన్ని కాలాలకు వర్తించే నియమం మరొకటి ఉన్నది. కుక్కపై ఫ్లీ (flea) పురుగులు పెట్టే గుడ్లు రాలి పడకలో పడతాయి. పిల్లపురుగులు అక్కడే పెరుగుతాయి. కుక్కకు స్నానం చేయించి, పడకను అలాగే వదిలివేస్తే ప్రయోజనం శూన్యం. వారానికొకసారి పడకగుడ్డలను వేడినీట ఉతికి, ఎండలో ఆరవేయాలి.

తిరుపతిలో 1955 నుండి పశువైద్య కళాశాల ఉన్నది. 2005లో అక్కడ పశువైద్య విశ్వవిద్యాలయం కూడా ఏర్పడినది. అయినా కొట్టంలో నేల తడిసినదో లేదో చూడటానికి గొప్ప విద్య అవసరం లేదు. అరచేతిని పడకపై ఆనించి చూస్తే చాలు. చేతికి చెమ్మ తగిలితే ఆ పడక మార్చవలసినదే. విద్యార్థులు నిద్రకు ఉపక్రమించే ముందు తమ ఇంటి మూగజీవి పడకను ఒక్కసారి ఇలా తాకి చూడగలరని ఆశిద్దాం.