చిన్న విమానాశ్రయం పెద్దదయ్యేటప్పుడు: విశాఖపట్నం నుంచి భోగాపురం దాకా



మీ దగ్గర ఉత్తరాంధ్ర పటం ఉంటే దాని మీద స్కేలు పెట్టి చూడండి. పొందూరు నుంచి విశాఖపట్నం విమానాశ్రయానికి గాలిదారిన సుమారు 90 కిలోమీటర్లు. అదే పొందూరు నుంచి భోగాపురానికి సుమారు 45. పాత విమానాశ్రయం చాలడం లేదని భోగాపురంలో కొత్తదాన్ని తలపెట్టినప్పుడు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారికి దూరం సగానికి సగం తగ్గుతుందన్నమాట. సంతోషించవలసిందే. అయితే చదువుకున్నవారు ఇక్కడొక ప్రశ్న వేసుకోవాలి. ఉన్న విమానాశ్రయాన్నే ఎందుకు పెంచలేదు? ఒక విమానాశ్రయం ఎంతవరకు పెరగగలదో తేల్చేది ప్రయాణికుల సంఖ్య ఒక్కటే కాదు. అసలు అది ఎవరి కోసం, ఏ పని మీద పుట్టిందన్నది అంతకన్నా ముఖ్యం. ఈ పాఠంలో ఆ సంగతి చూద్దాం.

రన్‌వే ఎవరిది?

విశాఖపట్నం విమానాశ్రయంలో ప్రయాణికుడికి కనిపించేది టెర్మినల్ భవనం. దాన్ని నిర్వహించేది భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ. కానీ విమానం దిగే రన్‌వే, రాకపోకలకు అనుమతినిచ్చే కంట్రోల్ టవర్ భారత నౌకాదళం చేతిలో ఉంటాయి. ఆ వైమానిక స్థావరం పేరు ఐ.ఎన్.ఎస్. డేగ. 1991 అక్టోబరు 21న దాన్ని లాంఛనంగా ప్రారంభించారు. నౌకాదళం తన వైమానిక స్థావరాలకు పక్షుల పేర్లు పెడుతుంది. గోవాలో హంస, కొచ్చిలో గరుడ, అరక్కోణంలో రాజాలి. విశాఖకు వచ్చేసరికి అచ్చ తెలుగు మాట దొరికింది. ఢిల్లీ దస్త్రాల్లో మన డేగ ఎగురుతోందని నా విద్యార్థులకు చెప్పినప్పుడల్లా వాళ్ల ముఖాలు వెలిగేవి.

సైనిక స్థావరంలో కొంత భాగాన్ని పౌర విమానాలకు కేటాయించే ఇలాంటి ఏర్పాటును సివిల్ ఎన్‌క్లేవ్ అంటారు. దీనివల్ల లాభం ఉంది. కొత్తగా రన్‌వే వేసే ఖర్చు లేకుండానే ఊరికి విమాన సర్వీసు వస్తుంది. విశాఖకు అలాగే వచ్చింది. ఇక్కడ పౌర సర్వీసులు 1981లో రోజుకొక్క విమానంతో మొదలయ్యాయి. నష్టం ఏమిటంటే, పొలం ఒకరిదై సాగు ఇద్దరిదైనప్పుడు నీటి వంతు దగ్గర వచ్చే చిక్కే ఇక్కడా వస్తుంది. నౌకాదళానికి గస్తీ ఉంటుంది, పైలట్ల శిక్షణ ఉంటుంది. ఆ వేళల్లో రన్‌వే వాళ్లది. విమాన సంస్థ అడిగిన వేళకు దిగే అవకాశం అన్నిసార్లూ దొరకదు. విమానయాన రంగంలో ఈ వంతును స్లాట్ అంటారు. ఎంత పెద్ద టెర్మినల్ కట్టినా స్లాట్లు పెరగకపోతే విమానాలు పెరగవు.

రన్‌వే గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. విమానంలో కిటికీ పక్కన కూర్చుంటే రన్‌వే మొదట్లో పెద్ద తెల్లని అంకెలు కనిపిస్తాయి. అవి వరుస సంఖ్యలు కావు, దిక్కులు. ఉత్తరం నుంచి సవ్యదిశలో కొలిచిన కోణాన్ని పదితో భాగించి రాస్తారు. విశాఖలో ఒక రన్‌వే పేరు 10/28. అంటే ఒక కొస నుంచి బయలుదేరితే విమానం సుమారు 100 డిగ్రీల వైపు, రెండో కొస నుంచి బయలుదేరితే 280 డిగ్రీల వైపు సాగుతుంది. పాతది 05/23, పొడవు సుమారు 1830 మీటర్లు, అంటే 6 వేల అడుగులు. దిక్కును నిర్ణయించేది ప్రధానంగా గాలి. విమానం ఎదురుగాలిలో లేస్తుంది, ఎదురుగాలిలోనే దిగుతుంది. ఆ తరువాతి మాట కొండలది. విశాఖకు ఉత్తరాన సింహాచలం కొండలు, ఆగ్నేయాన యారాడ కొండ. పల్లపు నేల, చుట్టూ కొండలు, పక్కన నగరం. ఇలాంటి చోట రన్‌వేను ఇష్టం వచ్చినట్టు తిప్పలేం, సాగదీయలేం.

పొడవు ఎందుకు కావాలో కూడా తెలుసుకోండి. ఏటీఆర్ వంటి చిన్న విమానానికి 1400 మీటర్ల లోపు సరిపోతుంది. నిండా ప్రయాణికులతో, ఇంధనంతో ఉన్న ఎయిర్‌బస్ ఎ320కి 2 వేల మీటర్లు దాటి కావాలి. మన ఎండలకు ఇంకా ఎక్కువ కావాలి. గాలి వేడెక్కితే పలచబడుతుంది, పలచని గాలి రెక్కను తక్కువ బలంతో ఎత్తుతుంది. అందుకే మే నెల మధ్యాహ్నం లేచే విమానానికి జనవరి ఉదయం లేచేదానికన్నా పొడవైన దారి అవసరం. విశాఖలో 3050 మీటర్ల కొత్త రన్‌వే 2007లో వాడుకలోకి వచ్చింది. కొత్త టెర్మినల్ 2009లో తెరుచుకుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఆ టెర్మినల్ పైకప్పును చీల్చేసింది. విమానాలు మళ్లీ తిరగడానికి అయిదు రోజులు పట్టింది.

యుద్ధం వదిలిన అచ్చులు

మన ప్రాంతంలో విమానాల కథ ప్రయాణికులతో మొదలు కాలేదు. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి తపాలా సంచులతో విమానం నడిపారు. అక్కడి నుంచి ఆ తపాలా బళ్లారి మీదుగా మద్రాసు చేరింది. ఆ దారిలో ఉత్తర సర్కారులు లేవు. మన తీరానికి విమానాన్ని తెచ్చింది రెండో ప్రపంచ యుద్ధం.

విశాఖ రేవు 1933లో తెరుచుకుంది. 1941లో సింధియా కంపెనీ నౌకానిర్మాణ కేంద్రానికి పునాది వేసింది. రేవు, ఓడల పని, రైలు మార్గం ఒక్కచోట చేరిన ఊరు శత్రువు కంట పడకుండా ఉండదు. తీరానికి కాపలాగా భారత వైమానిక దళపు స్వచ్ఛంద రిజర్వు నుంచి తీరరక్షణ దళాలు ఏర్పడ్డాయి. వాటిలో ఆరోది విశాఖపట్నంలో పనిచేసింది. ఆ దళాలకు మొదట్లో ఇచ్చినవి వాపిటి వంటి పాతకాలపు విమానాలు. రెండు వరుసల రెక్కలు, వాటి మీద తొడుగు గుడ్డ. అవును, గుడ్డే. ఆ కాలపు విమానాల రెక్కలకు సన్నగా, గట్టిగా నేసిన నార లేదా నూలు బట్టను కట్టి, అది బిగిసేలా పైన ఒక లేపనం పూసేవారు. నేత వదులైతే రెక్క నిలవదు. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి సన్న నూలు తీసే పొందూరు వారికి ఈ మాట వేరే వివరించనక్కర్లేదు. పొందూరు బట్ట విమానాలకు వెళ్లిందని నేను అనడం లేదు. విమానం కూడా ఒకప్పుడు నేత వస్తువేనని గుర్తుచేస్తున్నానంతే.

1942 ఏప్రిల్ 6న జపాను విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అప్పుడు పేలకుండా మిగిలిన ఒక బాంబు విశాఖ మ్యూజియంలో ఉంది. వెళ్లినప్పుడు చూడండి.

యుద్ధం నుంచి పౌర అవసరాలకు మారిన చోటు విశాఖ ఒక్కటే కాదు. గన్నవరం కూడా ఆ కాలంలో సైనిక స్థావరమే. అంతర్జాతీయ విమానయాన సంస్థ గన్నవరానికి ఇచ్చిన సంకేతంలో చివరి రెండక్షరాలు బి, జెడ్. అవి బెజవాడను గుర్తుచేస్తాయి. ఊరి పేరు మారింది కాని పైలట్ల కాగితాల్లో పాత పేరు నీడ మిగిలింది. విశాఖ టిక్కెట్ మీద కనిపించే వి.టి.జెడ్. కూడా వైజాగపటాన్ని తలపిస్తుంది. రాజమహేంద్రవరం పక్కన మధురపూడిలో బ్రిటిష్ వారి కాలపు విమానాశ్రయం ఉంది. అక్కడ రన్‌వేను 1749 మీటర్ల నుంచి 3165 మీటర్లకు పెంచగలిగారు. అది పౌర విమానాశ్రయమే, పక్కన భూమి దొరికింది. విశాఖలో ఈ రెండు వీలూ లేవు. తేడా అంతా అక్కడుంది.

భోగాపురం

దేశంలో 2008 నాటి విధానం ప్రకారం, ఉన్న విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపల కొత్తది కట్టాలంటే పాతదాని మీద పడే ప్రభావాన్ని కేంద్రం పరిశీలించాలి. భోగాపురం ఆ పరిధికి బాగా లోపలే ఉంది. హైదరాబాదులో ఇలాంటి సందర్భమే వచ్చింది. 2008 మార్చిలో శంషాబాదు మొదలైన రోజునే బేగంపేట పౌర సర్వీసులు ఆగిపోయాయి. విశాఖలోనూ పౌర విమానాలను భోగాపురానికి తరలించి, పాత రన్‌వేను నౌకాదళానికి వదలాలన్నదే ప్రణాళిక.

భోగాపురానికి శంకుస్థాపన రెండుసార్లు జరిగింది. 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి చేశారు, 2023 మే 3న మరొకరు చేశారు. రన్‌వే పొడవు 3800 మీటర్లు. మొదటి దశ లక్ష్యం ఏటా 60 లక్షల మంది ప్రయాణికులు. నిర్మాణం జి.ఎం.ఆర్. సంస్థది, పేరు అల్లూరి సీతారామరాజుది. ఇటీవలి కాలంలో కేంద్ర పౌర విమానయాన మంత్రులైన ఇద్దరు తెలుగువారు, అప్పటి విజయనగరం ఎంపీ అశోక్ గజపతిరాజు, శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు, మన పక్క జిల్లాల వారే కావడం ఆసక్తికరం.

భూమి సంగతి దగ్గర కాస్త ఆగుదాం. మొదట్లో వేల ఎకరాలు ఎక్కువగా తలపెట్టారు. 2015లో పల్లెల నుంచి గట్టి వ్యతిరేకత వచ్చింది. విస్తీర్ణం తగ్గుతూ తగ్గుతూ చివరకు సుమారు 2200 ఎకరాల దగ్గర నిలిచింది. మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట ఖాళీ అయ్యాయి. అక్కడి కుటుంబాలు పునరావాస కాలనీలకు వెళ్లాయి. ఎకరానికి ఇంత అని లెక్కగట్టే కాగితంలో జీడి, కొబ్బరి తోటలకు విలువ ఉంటుంది. రామమందిరం అరుగుకు, ఊరి బావికి, ఏటా పండగ చేసే అమ్మవారి గుడి చుట్టూ ఉన్న చోటుకు అలాంటి వరుస ఉండదు. విమానాశ్రయం వద్దని నేను అనను. ఈ ప్రాంతం నుంచి హైదరాబాదుకు, గల్ఫ్‌కు పనికి పోయే పిల్లలకు అది అవసరం. కానీ అది ఖాళీ నేల మీద లేచిందని పాఠ్యపుస్తకంలో రాస్తే మాత్రం తప్పు రాసినట్టే.

వారసత్వం ఎక్కడ దొరుకుతుంది?

విమానయాన వారసత్వం అనగానే మనకు తోచేది నిలబెట్టిన పాత విమానం. విశాఖ రామకృష్ణా బీచ్‌లో టి.యు.142 ఉంది. 1988లో నౌకాదళంలో చేరి, 29 ఏళ్లు సముద్రం మీద గస్తీ తిరిగి, 2017 మార్చిలో విరమించింది. అదే ఏడాది డిసెంబరులో మ్యూజియంగా తెరుచుకుంది. డేగ రన్‌వే మీద దిగిన ఆ భారీ విమానాన్ని ముక్కలుగా విడదీసి, రోడ్డు మీద తెచ్చి, బీచ్‌లో మళ్లీ జతచేశారు. రెక్కల విస్తారం 50 మీటర్లు. చూడదగినదే.

కానీ నా దృష్టిలో అంతకన్నా విలువైనవి, అంతకన్నా త్వరగా పోయేవి వేరే ఉన్నాయి. పాత రన్‌వే గీత, 1981లో రోజుకొక్క విమానం వచ్చిన నాటి సమయసూచికలు, కంట్రోల్ టవర్ చిట్టాలు, సామాను మోసినవాళ్ల, టాక్సీ నడిపినవాళ్ల జ్ఞాపకాలు ఆ కోవలోకి వస్తాయి. భోగాపురం వైపు చూస్తే, సర్వే నంబర్లలో మాత్రమే మిగిలే ఊళ్ల పేర్లు. తరలింపు జరిగేటప్పుడు కుర్చీలు, యంత్రాలు లెక్కపెట్టి తీసుకెళ్తారు. కాగితాలను పాతవని పారేస్తారు.

ఈ పాఠానికి అభ్యాసం ఇది. మీ ఇంట్లో గాని, వీధిలో గాని మొదటిసారి విమానం ఎక్కిన వారెవరో కనుక్కోండి. ఏ ఏడాది, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ పని మీద, టిక్కెట్ ఎంత, విశాఖ దాకా ఎలా వెళ్లారు, ఎవరు సాగనంపారు, ఇవన్నీ అడిగి రెండు పేజీలకు మించకుండా రాయండి. పునరావాస కాలనీలో మీకు బంధువులు ఉంటే, పాత ఊరి పటాన్ని వారి చేత నేల మీద గీయించి దాన్ని కాగితం మీదికి ఎక్కించండి. ఏ ఇల్లు ఎవరిదో, ఏ చెట్టు కింద ఏం జరిగేదో వారు చెప్పినట్టే రాయండి. మీ మాటల్లోకి మార్చకండి. రాసినవాటిని అధ్యయన కేంద్రంలో సమన్వయకర్తకు ఇచ్చేటప్పుడు ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.