గోదారి గాలం.. గాల్వెస్టన్ తీరం

అమ్మానాన్నలు ఇండియా నుంచి వస్తున్నారంటే మనవాళ్ళ హడావుడి అంతా ఇంతా కాదు. మొదటి నెల నయాగరా, వాషింగ్టన్, గుడి, బంధువుల ఇళ్ళు. రెండో నెల నుంచి అసలు కథ మొదలు. కొడుకు, కోడలు ఆఫీసుకి, పిల్లలు స్కూలుకి. పెద్దాయన సోఫాలో, టీవీ ముందు. కారు నడపలేరు, వీధిలో పలకరించే మనిషి కనిపించడు. ఆరు నెలలు ఎప్పుడు పూర్తవుతాయా అని క్యాలెండరు చూసుకునే తండ్రులు హ్యూస్టన్‌లో మా ఇంట్లోనే కాదు, ప్రతి సబ్‌డివిజన్‌లోనూ ఉన్నారు.

మా నాన్నగారిది ఆత్రేయపురం దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు కాలవ గట్టు మీద వెదురు గడ, నైలాను దారం, నెమలి ఈక బెండు, వానపాము ఎర.. ఇదీ ఆయన సరంజామా. పోయిన వేసవిలో వచ్చినప్పుడు మూడో వారానికే "ఇక్కడ కాలవలేమీ లేవంట్రా?" అని అడిగారు. కాలవలేం ఖర్మ, యాభై మైళ్ళ దూరంలో సముద్రమే ఉంది. చేపలు పట్టడంలో నాకూ పెద్ద అనుభవం లేదు. ఆఫీసులో ఓ టెక్సస్ పెద్దాయన దగ్గర నేర్చుకున్నది కొంత, ఎండలో మాడి తెలుసుకున్నది కొంత. నాన్నగార్ని తీసుకెళ్ళాకే అసలు విషయం బోధపడింది.

లైసెన్సు మాట ముందు

టెక్సస్‌లో 17 ఏళ్ళు నిండిన ఎవరైనా గాలం వేయాలంటే లైసెన్సు ఉండాలి. మనవాళ్ళు చాలామంది "పెద్దవాళ్ళకి అక్కర్లేదట" అనుకుంటారు. అది పొరపాటు. 65 దాటిన వాళ్ళకిచ్చే తగ్గింపు ఇక్కడ నివాసం ఉన్నవాళ్ళకే. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు బయటి రాష్ట్రం వాళ్ళ లెక్కలోకి వస్తారు. ఒక్కరోజుకి విడిగా లైసెన్సు దొరుకుతుంది, అది తీసుకుంటే సరిపోతుంది. మామూలు వార్షిక లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో గడువు తీరుతుంది కాబట్టి జులైలో కొనే ముందు ఆలోచించుకోండి.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటి ఉంది. టెక్సస్ స్టేట్ పార్కుల్లో గట్టు మీద నుంచో, పార్కు పియర్ మీద నుంచో చేపలు పడితే లైసెన్సే అక్కర్లేదు. గేటు దగ్గర ప్రవేశ రుసుము కడితే చాలు. ఎన్ని పట్టచ్చు, ఎంత పొడవు ఉండాలి అన్న నియమాలు మాత్రం అక్కడా వర్తిస్తాయి. మంచినీటికి బ్రాజోస్ బెండ్, ఉప్పునీటికి గాల్వెస్టన్ ఐలాండ్ స్టేట్ పార్కు.. రెండూ హ్యూస్టన్ వాళ్ళకి దగ్గరే. బ్రాజోస్ బెండ్‌లో మొసళ్ళుంటాయి, సరదాకి చెప్పడం లేదు. ఎలిగేటర్‌కి కనీసం 30 అడుగుల దూరం పాటించమని పార్కు వాళ్ళు చెబుతారు. పట్టిన చేపని తాడుకి గుచ్చి నీళ్ళలో వేలాడదీశారంటే మొసలిని భోజనానికి పిలిచినట్టే.

బెండు టప్పుమనాలి

సరంజామా విషయానికొస్తే, షాపులో అడుగుపెడితే కళ్ళు తిరుగుతాయి. మొదటిసారికి ఏడడుగుల మీడియం రాడ్, 3000 సైజు స్పిన్నింగ్ రీలు, 12 పౌన్ల మోనోఫిలమెంట్ దారం చాలు. మంచినీటికీ ఉప్పునీటికీ అదే పనికొస్తుంది. టీవీలో చూసి బెయిట్‌కాస్టర్ రీలు కొన్నారంటే మొదటిరోజంతా చిక్కు విప్పడంతోనే సరి. మా నాన్నగారు రీలు వంక అనుమానంగా చూసి "ఇదెందుకురా, గడ చాలదా?" అన్నారు. రీలులో డ్రాగ్ అని ఒకటుంది నాన్నా, చేప బలంగా లాగితే దారం తెగకుండా దానంతటదే వదులుతుంది అని చెబితే అప్పుడు చేతిలోకి తీసుకున్నారు. డ్రాగ్‌ని దారం బలంలో పావు నుంచి మూడో వంతు దాకా బిగించుకోవాలి. 12 పౌన్ల దారానికి మూడు, నాలుగు పౌన్లు. చిన్న తూకం స్ప్రింగు కట్టి లాగి చూసుకుంటే తెలిసిపోతుంది. చేయి అంచనాతో బిగిస్తే పెద్ద చేప పడ్డప్పుడే దారం పుటుక్కుమంటుంది.

గాల్వెస్టన్ బేలో అందరూ వాడేది పాపింగ్ కార్క్. మన బెండే, కాకపోతే తల మీద గిన్నెలా గుంట ఉంటుంది. రాడ్‌ని ఒక్క కుదుపు కుదిపితే నీటి మీద 'టప్' మని చప్పుడవుతుంది. పక్కన ఇంకో చేప రొయ్యల్ని వేటాడుతోంది కాబోలు అనుకుని మిగతావి వస్తాయి. కార్క్ కింద 20 పౌన్ల ఫ్లోరోకార్బన్ లీడర్ అడుగున్నర నుంచి రెండడుగులు, దాని చివర గాలం, గాలానికి బతికున్న రొయ్య. రొయ్య తల మీద కొమ్ము కింద, లోపల కనిపించే నల్లమచ్చకి తగలకుండా గుచ్చాలి. ఆ నల్లమచ్చకి తగిలితే రొయ్య చచ్చిపోతుంది. ఇది మాత్రం నాన్నగారికి నేను నేర్పాల్సిన పని పడలేదు. ముడి బిగించే ముందు నోటితో తడి చేయడం కూడా. లేకపోతే రాపిడి వేడికి నైలాను బలం పోతుంది. ఆయన అరవై ఏళ్ళ కిందట చేసిన పనే ఇక్కడ పుస్తకాల్లో రాసి ఉంది.

గాలం సర్కిల్ హుక్ అయితే మంచిది. మొన వెనక్కి వంగి ఉంటుంది కాబట్టి చేప మింగినా కడుపులో దిగకుండా పెదవి మూలకి వచ్చి పట్టుకుంటుంది. ఒకటే నియమం.. చేప లాగగానే గట్టిగా ఎత్తకూడదు. ఊరికే రీలు తిప్పుతూ పోవాలి. మనకి బెండు మునగ్గానే గడ ఎగరేయడం అలవాటు. నాన్నగారు ఆ అలవాటు మానడానికి మూడు చేపలు పోగొట్టుకున్నారు.

వేడి నీటి లెక్క వేరు

టెక్సస్, ఫ్లోరిడా వేసవిలో చేపల ప్రవర్తన మారిపోతుంది. నీళ్ళు వేడెక్కితే అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది, చేపకి కావలసింది మాత్రం పెరుగుతుంది. అందుకే తెల్లవారుజామున, సాయంత్రం ఒడ్డు దగ్గర లోతు తక్కువ చోట తిరిగి, ఎండ ముదిరేసరికి లోతుకి వెళ్ళిపోతాయి. సముద్రం దగ్గర గడియారం కన్నా పోటు పాటులు ముఖ్యం. గాల్వెస్టన్‌లో ఆటుపోట్ల తేడా రెండడుగుల లోపే కానీ నీళ్ళు కదులుతుంటేనే చేప మేతకొస్తుంది. నిలిచిన నీటిలో రోజంతా కూర్చున్నా ఫలితం ఉండదు.

పెద్ద చెరువుల్లో ఇంకో చిక్కు. వేసవిలో పై నీరు వేడిగా, అడుగు నీరు చల్లగా రెండు పొరలుగా విడిపోతాయి. అడుగు చల్లగా ఉంటుంది కదా అని క్యాట్‌ఫిష్ కోసం నలభై అడుగుల లోతున ఎర వేస్తే దండగే. అక్కడ ప్రాణవాయువు ఉండదు, చేపా ఉండదు. రెండు పొరలూ కలిసే చోటికి కాస్త పైన వెయ్యాలి. బాస్ చేపకి టెక్సస్ రిగ్ అనే పద్ధతి బాగా పనిచేస్తుంది. బుల్లెట్ ఆకారంలో జారే బరువు, దాని కింద ప్లాస్టిక్ వానపాము, గాలం మొన ఆ వానపాము ఒంట్లోనే దాచేస్తారు. నాచులో లాగినా తట్టుకోదు.

వేడి నీటిలో సన్నదారం కట్టి పావుగంట సేపు చేపతో ఆడుకోవడం గొప్ప అనుకునేవాళ్ళున్నారు. నా మటుకు నాకు అది అన్యాయం. అలిసిపోయిన చేపని వదిలినా బతకదు. తగినంత దారం వాడి త్వరగా ఒడ్డుకి తెచ్చి, చేతులు తడి చేసుకుని, వీలయితే నీళ్ళలోనే గాలం తీసి వదలాలి. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పోతుంది.

మనిషికీ జాగ్రత్తలున్నాయి. బేలో నడిచి దిగేటప్పుడు పాదాలు ఎత్తకుండా ఇసుకలో ఈడ్చుకుంటూ వెళ్ళాలి. తోకకి ముల్లున్న స్టింగ్ రే కింద పడుకుని ఉంటే పక్కకి తప్పుకుంటుంది. హార్డ్‌హెడ్ అనే సముద్రపు క్యాట్‌ఫిష్, మన జెల్లలాంటిదే, దాని ముళ్ళకి విషం ఉంటుంది. చేత్తో పట్టకండి. అన్నిటికన్నా ముఖ్యం, వేసవి ఉప్పునీటిలో విబ్రియో అనే బాక్టీరియా ఉంటుంది. ఒంటి మీద చిన్న గాయం ఉన్నా దిగకూడదు. షుగరు, లివర్ జబ్బు ఉన్నవాళ్ళకి అది ప్రాణాంతకం కావచ్చు. గీసుకున్న చోట వాపు, నొప్పి వేగంగా పెరుగుతుంటే తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్ళి, ఉప్పునీటిలో దిగామని డాక్టరుకి చెప్పాలి. మా నాన్నగారికి షుగరు పన్నెండేళ్ళుగా ఉంది. ఆయన్ని ఒక్కరోజు కూడా నీళ్ళలో దిగనివ్వలేదు, గట్టు మీదే కుర్చీ.

31 అంగుళాల గొడవ

జూన్ నెలలో ఓ శనివారం. ఏడు గంటలకి నాన్నగారి కార్క్ ఒక్కసారిగా మాయమైంది. రీలు కీచుమంటోంది, ఆయన కాళ్ళు తన్నిపెట్టి నిలబడ్డారు. ఆరేళ్ళ మా అబ్బాయి "తాతయ్యా వదలకు" అని గెంతులు. ఆరేడు నిమిషాల్లో ఒడ్డుకొచ్చింది రెడ్‌ఫిష్. రాగి రంగు, తోక దగ్గర నల్ల చుక్క. టేపు పెట్టి చూస్తే 31 అంగుళాలు.

టెక్సస్‌లో రెడ్‌ఫిష్ 20 నుంచి 28 అంగుళాల మధ్య ఉంటేనే ఉంచుకోవాలి, మనిషికి రోజుకి మూడు. అంతకన్నా పెద్దది కావాలంటే ట్యాగు కట్టాలి. మా దగ్గర అది లేదు. వదిలేద్దాం నాన్నా అన్నాను. ఆయన నమ్మలేదు. "చిన్నవి వదిలెయ్యమంటే అర్థం ఉంది. ఇంత పెద్దది వదిలేస్తారంట్రా ఎవరైనా? మీ అమ్మ చింతకాయ వేసి పులుసు పెడితే నాలుగిళ్ళకి వస్తుంది" అన్నారు. వాదించే టైము లేదు. నేనే చేపని నీళ్ళలో నిలబెట్టి, మొప్పలు ఆడేదాకా పట్టుకుని వదిలాను. తిరుగు ప్రయాణంలో ఇంటిదాకా మాట్లాడలేదాయన.

రాత్రి అన్నాలయ్యాక చెప్పాను. 1980 ప్రాంతంలో న్యూ ఆర్లీన్స్‌లో పాల్ ప్రుడోమ్ అనే వంటవాడు మసాలా దట్టించి పెనం మీద నల్లగా కాల్చిన రెడ్‌ఫిష్ వండాడు. దేశమంతా ఎగబడింది. వలలతో గల్ఫ్‌ని ఊడ్చేశారు. అప్పటికే 1977లో హ్యూస్టన్‌లో గాలం వేసేవాళ్ళంతా కలిసి తీర సంరక్షణ సంఘం పెట్టుకుని పోరాడుతున్నారు. 1981లో టెక్సస్ రెడ్‌ఫిష్, స్పెకిల్డ్ ట్రౌట్ అమ్మకాన్నే నిషేధించింది. గల్ఫ్‌లో కేంద్రం ఆధీనంలోని జలాల్లో రెడ్‌ఫిష్ పట్టడం ఇప్పటికీ నిషిద్ధమే. హోటల్లో దొరికేది పెంపకం చేప. లేక్ జాక్సన్‌లో 1996లో మొదలైన సీ సెంటర్ టెక్సస్ లాంటి చోట్ల పిల్లల్ని పెంచి బేలలో వదులుతున్నారు. 28 అంగుళాలు దాటినవి బే వదిలి సముద్రంలోకి వెళ్ళి గుడ్లు పెడతాయి, ముప్పయ్యేళ్ళకి పైగా బతుకుతాయి. మనం వదిలింది తల్లి చేప. ట్రౌట్ తగ్గుతోందని 2024లో ఆ చేప పరిమితినీ రోజుకి మూడింటికి కుదించారు.

నాన్నగారు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత పులస మాట ఎత్తారు. పుస్తెలమ్మి అయినా పులస తినాలని మా గోదావరి వాళ్ళ సామెత. సముద్రం నుంచి ధవళేశ్వరం దాకా ఎదురీదే ఆ చేప ఇప్పుడు వేలల్లో పలుకుతోంది, దొరకడమే గగనం. "గుడ్లున్న పులసకి రేటెక్కువ. మేం దాన్నే ఏరి కొనేవాళ్ళం" అన్నారు.

ఆ తర్వాత వారం వారం మేం గాల్వెస్టన్ వెళ్ళాం. ఆయనే టేపు పట్టుకుని కొలిచేవారు. ఓ రోజు గేమ్ వార్డెన్ వచ్చి కూలర్ తెరిపించి చూసి, చేపల్ని కొలిచి థాంక్యూ చెప్పి వెళితే ఆయన ముఖం వెలిగిపోయింది. 24 అంగుళాల రెడ్‌ఫిష్ ఒకటి చింతకాయ పులుసులోకి వెళ్ళింది కూడా. రుచి గొరక చేపలా ఉందని అమ్మ తీర్పు.

ఫ్లోరిడాలో ఉన్న మా బావమరిదికి ఫోన్ చేస్తే అక్కడి లోకం ఇంకోటి. పండుగప్ప పోలికలో ఉండే స్నూక్, 1984లో మయామీ కాలవల్లో ప్రభుత్వమే తెచ్చి వదిలిన పీకాక్ బాస్, చలికాలంలో సెయింట్ జాన్స్ నదిలో ఎదురీదే మన పులస చుట్టం షాడ్. అన్నిటికన్నా నాన్నగారిని ఊరించింది కొర్రమీను బంధువు స్నేక్‌హెడ్. 2000లో బ్రోవార్డ్ కౌంటీలో బయటపడింది. నాచు మీద ప్లాస్టిక్ కప్ప లాగితే పడుతుంది, మన ఊళ్ళో కప్ప ఎర వేసినట్టే. పరాయి చేప కాబట్టి దానికి పరిమితి లేదు, వదలమని ఎవరూ అనరు. ప్రాణంతో ఇంటికి తీసుకెళ్ళడం మాత్రం నేరం, అక్కడే చంపేయాలి.

అక్టోబరులో తిరిగి వెళ్ళేటప్పుడు సూట్‌కేసులో రెండు పాపింగ్ కార్కులు, సర్కిల్ హుక్కుల ప్యాకెట్టు సర్దుకున్నారు. మొన్న ఆదివారం ఫోన్ చేశారు. "బెండు బాగానే టప్పుమంటోంది రా. మూడు గంటలు కూర్చున్నా కాలవలో చేపే రాలేదు. పక్కూరి కుర్రాళ్ళు చిన్నకన్ను వల వేస్తున్నారు. రేపు పంచాయతీలో మాట్లాడదామనుకుంటున్నాను, ఆ రెడ్‌ఫిష్ సంగతి కాయితం మీద తెలుగులో రాసి పంపు" అన్నారు. పంపాను.