హస్తవాసి వెనక మందు

ఒళ్లునొప్పులూ జ్వరమూ అని ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే ఒక సూది పొడుస్తాడు. సాయంత్రానికి లేచి పొలం వెళ్తాం, ‘ఆయన హస్తవాసి మంచిది’ అంటాం. ఒక్కోసారి ఆ హస్తవాసి డెక్సామెథసోన్‌ది.

అది స్టెరాయిడ్. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు. వాపును, నొప్పిని, జ్వరాన్ని గబుక్కున అణిచేస్తుంది, ఆకలి పుట్టిస్తుంది. లోపలి ఇన్ఫెక్షన్ మాత్రం ఎక్కడికీ పోదు. పైగా దానితో పోరాడే శక్తి తగ్గుతుంది. షుగరున్నవాళ్లకు షుగరు ఎగబాకుతుంది. నెలల తరబడి వాడితే ఒంట్లో సహజంగా ఊరే స్టెరాయిడ్ పడిపోతుంది. ఆ స్థితిలో ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు.

వైద్యుల మీద అదుపు ఎందుకంటే ఇందుకే. ఎంబీబీఎస్ చదివి, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో నమోదైన డాక్టరు తప్పు చేస్తే కౌన్సిల్ పిలిచి విచారిస్తుంది, కొంతకాలమో శాశ్వతంగానో పేరు కొట్టేస్తుంది. ఊళ్లో ఆర్‌ఎంపీలా అసలు నమోదే లేని మనిషిని ఏమని పిలుస్తుంది? అక్కడ పోలీసు కేసే దిక్కు. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం ప్రకారం ఏడాది వరకూ జైలు, 5 లక్షల రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ. ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలదు కూడా. హోమియో చదివి టైఫాయిడ్‌కు అల్లోపతి మందులిచ్చిన ఒక వైద్యుడి కేసులో, రాని పద్ధతిలో వైద్యం చేయడమే నిర్లక్ష్యమని సుప్రీంకోర్టు 1996లో తేల్చింది.

అయితే క్లినిక్‌ల మీద దాడులు చేసి తాళాలు వేస్తే సరిపోతుందని నేననుకోను. అర్ధరాత్రి పిల్లాడికి జ్వరమొస్తే తలుపు తీసేది ఆర్‌ఎంపీయే, డబ్బులు తర్వాతిమ్మనేదీ ఆయనే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆ వేళకు డాక్టరు దొరకనంతకాలం, మూసిన క్లినిక్ పక్క వీధిలో తెరుచుకుంటుంది.

పెద్దాసుపత్రుల్లోనూ మనం అడగాల్సినవి ఉన్నాయి. 2002 వైద్య నియమావళి ప్రకారం డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు క్లినిక్‌లో కనబడాలి, మందుల చీటీ మీదా ఫీజు రసీదు మీదా ఉండాలి. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో దాన్ని సరిచూసుకోవచ్చు. వైద్యం ఎలా జరిగిందో తెలిపే రికార్డులు కావాలంటే కాగితం రాసివ్వండి. డాక్టరుగారు ఏమనుకుంటారోనన్న మొహమాటం వద్దు. అడిగిన 72 గంటల్లో అవి ఇవ్వాలన్నది కూడా ఆ నియమావళిలోనే ఉంది.