ల్యాప్ టైమ్ కొలవడానికి ఫోన్ చాలా? ట్రాన్స్‌పాండర్ కావాలా?

నెల్లూరు వైపు బైక్ పిచ్చి ఉన్నవాళ్లకు అందుబాటులో ఉన్న అసలైన రేస్ ట్రాక్ అంటే చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టైనే. ఒక ల్యాప్ 3.717 కిలోమీటర్లు. ట్రాక్ డేకి వెళ్లొచ్చిన వాడిని అందరూ అడిగేది "టైమ్ ఎంత?" అని. నేనైతే ముందు "దేంతో కొలిచావ్?" అని అడుగుతా.

ఎందుకో చిన్న లెక్క చూడండి. ఫోన్లలో జీపీఎస్ మామూలుగా సెకనుకు ఒక్కసారే లొకేషన్ ఇస్తుంది. గంటకు 180 కిలోమీటర్ల స్పీడ్‌లో బైక్ సెకనుకు 50 మీటర్లు పోతుంది. అంటే స్టార్ట్ లైన్ ఎక్కడో రెండు పాయింట్ల మధ్య పడుతుంది, యాప్ దాన్ని అంచనా కడుతుంది. పైగా లొకేషన్‌లో 5 మీటర్ల తేడా ఉంటే అదే 0.1 సెకను. అయినా స్క్రీన్ మీద మాత్రం దశాంశం తర్వాత మూడు అంకెలు దర్జాగా కనిపిస్తాయి! చివరి రెండూ అలంకారమే.

రేస్‌బాక్స్ మినీ లాంటి విడి రిసీవర్లు సెకనుకు 25 సార్లు చదువుతాయి. అదే స్పీడ్‌లో ప్రతి 2 మీటర్లకో పాయింట్ అన్నమాట. జీపీఎస్ తప్పు క్షణక్షణానికీ గెంతదు, నెమ్మదిగా జరుగుతుంది. కాబట్టి వెంటవెంటనే తిరిగిన మీ ల్యాప్‌లను ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి ఇవి బాగా పనికొస్తాయి. ఏ మలుపులో బ్రేక్ తొందరగా కొట్టారో గ్రాఫ్‌లో దొరికిపోతుంది. ట్రాన్స్‌పాండర్ ఒక్కటే ఉంటే ఈ వివరం రాదు.

కానీ గెలుపు తేల్చాలంటే ట్రాన్స్‌పాండరే. దీనికి శాటిలైట్లతో పని లేదు. తారు కింద వైర్ లూప్ ఉంటుంది, బండికి బిగించిన డబ్బా తన నంబర్‌ను రేడియోలో పంపుతుంటుంది. అది లూప్ దాటిన క్షణాన్ని డికోడర్ సెకనులో వెయ్యో వంతు దాకా రాసుకుంటుంది. అందరికీ ఒకటే గడియారం. 180 స్పీడ్‌లో వెయ్యో వంతు అంటే 5 సెంటీమీటర్లు. అందుకే డబ్బా ఎక్కడ బిగించారన్నది కూడా లెక్కలోకొస్తుంది. ఇంత చూసినా 1997లో హెరెజ్ ఫార్ములా వన్ క్వాలిఫయింగ్‌లో విల్నవ్, షూమాకర్, ఫ్రెంట్‌జెన్ ముగ్గురికీ 1:21.072 వచ్చింది. ముందు ఆ టైమ్ కొట్టిన విల్నవ్‌కు పోల్ ఇచ్చారు.

జీపీఎస్ కూడా లోపల గడియారమే. సిగ్నల్ వచ్చిన సమయాన్ని బట్టి దూరం కడుతుంది. ఒక నానోసెకను తప్పితే 30 సెంటీమీటర్ల తేడా. మనం మేడెక్కి చూసే శ్రీహరికోట రాకెట్లలో ఒకటి 2013 జూలై 1న మొదటి నావిక్ శాటిలైట్ ఐఆర్ఎన్ఎస్ఎస్-1ఏను తీసుకెళ్లింది. తర్వాత దానిలోని అణు గడియారాలు పాడై, లొకేషన్‌కు పనికిరాకుండా పోయింది. 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01లో మన దేశంలోనే చేసిన రుబీడియం గడియారం ఉంది. అలాగని బాక్స్ మీద నావిక్ అని ఉందని ఎక్కువ డబ్బు పెట్టకండి. ముందు సెకనుకు ఎన్ని రీడింగులో చూడండి.

ఈ యాప్‌లలో స్టార్ట్ లైన్ ఎక్కడైనా పెట్టుకోవచ్చు, మైపాడు రోడ్డు మీద కూడా. లారీలు తిరిగే కృష్ణపట్నం పోర్టు రోడ్డులో తీసిన టైమ్ స్క్రీన్‌షాట్ పంపితే నేను మాత్రం తెరవను.

నా సలహా: మొదటి రెండు ట్రాక్ డేలకు ఫ్రీ యాప్ చాలు. తర్వాత 25 హెర్ట్జ్ రిసీవర్ కొనుక్కోండి, దాన్ని సీటు కింద కాకుండా ఆకాశం కనపడేలా పెట్టండి. రేస్‌కు దిగితే ట్రాన్స్‌పాండర్ అద్దెకు దొరుకుతుందేమో నిర్వాహకులను అడగండి. ముందు రోజు రాత్రి చార్జింగ్ మాత్రం మరవొద్దు.