1.4 గ్రాముల విమానం: రూల్ బుక్‌ని స్పెక్ షీట్‌లా చదవడం ఎలా?

కొత్త ఫోన్ ఓ పది గ్రాములు తగ్గితేనే మనం హెడ్‌లైన్ పెట్టేస్తాం. మరి మొత్తం బరువే 1.4 గ్రాములున్న విమానం సంగతేంటి? అదే ఎఫ్1డి. ఎఫ్ఏఐ ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగే ఇండోర్ క్లాస్. బ్యాటరీ లేదు, రిమోట్ లేదు. మెలితిప్పిన రబ్బరే ఇంజిన్. రుమేనియాలోని స్లానిక్ ఉప్పు గనిలో ఇవి అరగంట దాటి కూడా ఎగిరాయి.

గోరంట్లలో దీన్ని ఆరుబయట ఎగరేద్దామనుకోకండి. రామగిరి గుట్టల మీద గాలిమరలు తిరిగే ప్రాంతం మనది. ఫ్యాన్లు ఆపేసిన కల్యాణ మండపమే మనకు గని. అయితే బ్లేడు పట్టుకునే ముందు రూల్స్ చదవాలి. తూకం దగ్గరే ఫెయిలైతే వారాల పని వృథా.

ముందు స్పెక్స్

- రెక్క స్పాన్: గరిష్ఠంగా 550 మి.మీ.
- స్టెబిలైజర్ స్పాన్: గరిష్ఠంగా 450 మి.మీ.
- రెక్క వెడల్పు (కార్డ్): గరిష్ఠంగా 200 మి.మీ.
- రబ్బరు లేకుండా బరువు: కనీసం 1.4 గ్రా.
- రబ్బరు: గరిష్ఠంగా 0.4 గ్రా.
- స్కోరు: 6 ఫ్లైట్లలో బెస్ట్ 2 కలిపి

నంబర్ వెనక ఏముంది?

ఇంతకుముందు విమానం 1.2, రబ్బరు 0.6 గ్రాములు. కూడితే 1.8. ఇప్పుడు 1.4, 0.4. కూడినా అదే 1.8! ఎగిరే బరువు మారలేదు, ఇంధనం మాత్రం మూడో వంతు పోయింది. ఫోన్ బరువు అలాగే ఉంచి బ్యాటరీ కోసేసినట్టు. కానీ బాడీకి 0.2 గ్రాములు అదనంగా దొరికాయి. వాటిని గట్టి మోటార్ స్టిక్‌కో, పిచ్ మార్చుకునే ప్రొపెల్లర్ హబ్‌కో వాడొచ్చు. అందుకే పాత ప్లాన్ డౌన్‌లోడ్ చేసి గుడ్డిగా కట్టొద్దు. 1.25 గ్రాముల పాత ఛాంపియన్ మోడల్ ఇప్పుడు చెల్లదు.

మాటల్లో మెలిక

రబ్బరు 0.4 గ్రాములంటే ఆయిల్ పూసిన తర్వాతి బరువు. పొడి రబ్బరే 0.4 కోస్తే, ఆయిల్ రాయగానే లిమిట్ దాటినట్టే.

రూల్ మౌనంగా ఉన్నచోటా జాగ్రత్త. ఎఫ్1డిలో పిచ్ మారే ప్రొపెల్లర్ ఓకే. అమెరికాలో ఆడే లిమిటెడ్ పెన్నీ ప్లేన్ క్లాస్‌లో అది నిషేధం. అక్కడ కనీస బరువు 3.1 గ్రాములు, అంటే వాళ్ల పాత పెన్నీ నాణెం బరువు. ఒక క్లాస్‌లో చెల్లిన ఐడియా ఇంకో క్లాస్‌లో చెల్లుతుందనే గ్యారంటీ లేదు.

హాల్ ఎత్తు కూడా స్పెక్కే. 8 మీటర్ల లోపు సీలింగ్ ఉంటే అది కేటగిరీ 1. రికార్డులు కేటగిరీల వారీగా వేరు. గనిలో వచ్చిన టైమ్‌తో మండపంలో వచ్చిన టైమ్‌ని పోల్చుకుని డీలా పడక్కర్లేదు.

కాటా, గాలి

0.01 గ్రాముల పాకెట్ కాటా సరిపోతుంది కానీ, 0.4 దగ్గర ఒక్క అంకె తేడా అంటే 2.5 శాతం. కాబట్టి రబ్బరు 0.39, విమానం 1.42 టార్గెట్ పెట్టుకోండి. బాల్సా చెక్క తేమ పీల్చి బరువెక్కుతుంది, ఎండితే తగ్గుతుంది. వైజాగ్‌లో సరిగ్గా 1.40 తూగింది మన పొడి గాలికి వచ్చేసరికి తక్కువ తూగొచ్చు. తగ్గితే గురుత్వ కేంద్రం దగ్గర చిటికెడు క్లే అంటించండి. ట్రిమ్ చెడదు.

మా మాట

'గరిష్ఠం' అని ఉన్నచోట అంచు దాకా వెళ్లండి. 'కనీసం' అని ఉన్నచోట వెంట్రుకవాసి పైన ఉండండి. ఏమీ రాయని చోట కట్టేముందే జడ్జిని అడగండి. కట్టాక అడిగితే ఆన్సర్ నచ్చకపోవచ్చు.